భుజాలు నొప్పెట్టేలా ఊపనక్కర్లేదు

సంపాదకుల వారికి,

సెలవుల్లో తిరుపతి గేమింగ్ సెంటర్లలో పిల్లలు రిమోట్ ఊపి ఆడే నింటెండో వీడియో గేమ్ ‘వీ స్పోర్ట్స్’ ఆడుతూ చెయ్యంతా విసురుతున్నారు. 2006 నాటి ఆ రిమోట్ పసిగట్టేది ఊపులోని త్వరణాన్ని. మణికట్టు విదిలిస్తే చాలు. టెన్నిస్ సర్వీసులో బంతి పైకెళ్లి ఆగినట్టుండే క్షణంలో కొడితే బుల్లెట్‌లా దూసుకుపోతుంది. బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగ్‌లో చెయ్యి ముందుకొచ్చాకే బీ బటన్ వదలాలి, లేదంటే బంతి వెనక్కి పడి తెర మీది జనం ఉలిక్కిపడతారు (అదో సరదా!). బౌలింగ్ సాధన ఆట ‘పవర్ త్రోస్’ చివరి రౌండులో 91 పిన్నులకు గుట్టు వేరే ఉంది: ఆటగాణ్ణి అంచుకు జరిపి, గురి కాస్త ఆ పక్కకే తిప్పి, పక్క గట్టు మీదుగా బంతిని చివరిదాకా దొర్లించాలి. అన్నీ కూలతాయి. మధ్యలో జారిందా, దక్కేది సున్నా.

నిర్వాహకులు మాత్రం మణికట్టు పట్టీ లేని రిమోట్ ఇవ్వకూడదు. చెమట చేతిలోంచి జారితే పగిలేది టీవీయే.

– ఒక పాఠకుడు, భవానీ నగర్, తిరుపతి