పాత ఇంజిన్ హెడర్‌కు 38 మి.మీ. ట్యూబే ఎందుకు?

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ టర్మ్‌లో ఆటోమొబైల్ వర్క్‌షాప్ పిల్లలు ఆరు సిలిండర్లు ఒకే వరసలో ఉండే పాత ఇన్‌లైన్ ఇంజిన్‌కు ఎగ్జాస్ట్ హెడర్, అంటే సిలిండర్ల నుంచి పొగను బయటికి తీసుకెళ్లే ట్యూబుల అమరిక, తయారు చేస్తున్నారు. 38 మి.మీ. ట్యూబ్ అని చెప్పగానే, 45 వేస్తే పవర్ పెరుగుతుంది కదా అని మీలో కొందరు అడిగారు. పెరగదు, పైగా తగ్గుతుంది.

ఇంజిన్ 3 లీటర్లది, అంటే సిలిండర్‌కు 500 సీసీ. టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) ఏ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర ఎక్కువగా కావాలన్నది ముందు తేల్చుకోవాలి. మేం 4,000 అనుకున్నాం. ఆ దగ్గర ట్యూబ్‌లో పొగ సగటు వేగం సెకనుకు 75 మీటర్లు ఉండేలా చూడడం మెకానిక్‌లు వాడే లెక్క. ఒక సిలిండర్ సీసీని ఆర్‌పీఎంతో గుణించి 2,25,000తో భాగిస్తే లోపలి వైశాల్యం చదరపు సెంటీమీటర్లలో వస్తుంది. ఇక్కడ 8.9 వచ్చింది, అంటే లోపలి వ్యాసం 33.6 మి.మీ. గోడ మందం 1.6 మి.మీ. రెండు వైపులా కలిపితే దాదాపు 37. దానికి దగ్గరగా దొరికే సైజు 38. ట్యూబ్‌ను అమ్మేది బయటి కొలతతో, లెక్క చేసేది లోపలి కొలతతో. పిల్లలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

ఇదే లెక్కన 45 మి.మీ. ట్యూబ్ సుమారు 6,200 ఆర్‌పీఎంకు సరిపోతుంది. ఈ ఇంజిన్ 5,000 దాటదు. తక్కువ ఆర్‌పీఎంలో లావు ట్యూబ్‌లో పొగ మందగిస్తుంది. గాలిని లోపలికి వదిలే వాల్వు, పొగను బయటికి వదిలే వాల్వు రెండూ కాస్త తెరిచి ఉండే క్షణంలో సిలిండర్‌లోకి వెనక్కి తంతుంది. బండి లాగదు.

ట్యూబ్ నోరు పోర్ట్ (ఇంజిన్‌లోంచి పొగ బయటికి వచ్చే రంధ్రం) కంటే చిన్నగా ఉండకూడదు, అంచు అడ్డం పడుతుంది. కాస్త పెద్దదైతే మంచిదే.

ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరుస, 1-5-3-6-2-4 కాబట్టి మొదటి మూడు సిలిండర్ల ట్యూబులు ఒక కలెక్టర్ (ట్యూబులన్నీ కలిసే గొట్టం)లోకి, చివరి మూడు మరోదాంట్లోకి వెళ్తాయి. అప్పుడు ఇంజిన్ 240 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఒక్కో కలెక్టర్‌కు సమానంగా పొగ అందుతుంది.

ఒక చిక్కుంది. హెడర్ స్థానంలో ముందు ఉన్న పోత ఇనుము మానిఫోల్డ్ తన వేడితో ఇన్‌టేక్‌ను (గాలి, పెట్రోల్ లోపలికి వెళ్లే దారిని) కూడా వెచ్చబెట్టేది. దాన్ని తీసేస్తే చల్లని ఇంజిన్‌లో పెట్రోల్ సరిగ్గా ఆవిరి కాక బండి తడబడుతుంది. అందుకే ఇన్‌టేక్ కింద వేడినీళ్లు పారే ప్లేట్ బిగిస్తున్నాం.

వెల్డింగ్ మా ఇన్‌స్ట్రక్టరే చేస్తారు. ట్యూబులను ఇంజిన్‌కు బిగించే పలక (ఫ్లాంజ్) 10 మి.మీ. మందం, పల్చనిదైతే వేడికి వంగి గాస్కెట్ (మధ్యలో పెట్టే సీలు) లీకవుతుంది. ఆ లీకులోంచి గాలి లోపలికి దూరితే యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా పొగగొట్టంలో టపటపా చప్పుడు వస్తుంది. మొదటిసారి వేడెక్కి చల్లారాక బోల్టులను నడుమ నుంచి చివరలకు మళ్లీ బిగించాలి.

ఇంట్లో మిగిలిన జీఐ పైపు ముక్కలు దయచేసి పంపకండి. వాటి మీది జింకు పూత వెల్డింగ్ వేడికి కాలి వచ్చే పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. వర్క్‌షాప్ రోజున పిల్లలకు పూర్తి చేతుల నూలు చొక్కా, కాలివేళ్లు కప్పే బూట్లు వేసి పంపండి. నైలాన్, పాలిస్టర్ దుస్తులతో వస్తే లోపలికి రానివ్వం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు