డిక్షనరీ కొనకురా బావా

ఒరేయ్ బావా,

నిన్న నీ ఫోను పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. "అమెరికాలో స్పెల్లింగ్ పోటీలు గెలిచిన మన పిల్లలంతా డాక్టర్లవుతున్నారటగా, మావాణ్ణీ డిక్షనరీ ముందు కూర్చోబెట్టనా?" అన్నావే, ఆ మాటే చెవిలో తిరుగుతోంది.

నువ్వు విన్నది అబద్ధం కాదు. 1985లో స్క్రిప్స్ పోటీ, అంటే అమెరికా జాతీయ స్పెల్లింగ్ పోటీ గెలిచిన బాలు నటరాజన్ ఆటగాళ్లకు వైద్యం చేసే డాక్టరయ్యాడు. 1999లో గెలిచిన నూపుర్ లాలా మెదడు కణితులకు వైద్యం చేస్తోంది. 2024లో గెలిచిన బృహత్ సోమ మన తెలుగింటి పిల్లాడే. ఆఖరి 90 సెకన్లలో 29 మాటల స్పెల్లింగు సరిగ్గా చెప్పాడు!

కానీ ఇక్కడ అమెరికాకొచ్చిన మనవాళ్లెవరో ఆలోచించు. ఎంసెట్లు దాటి, సీట్లు కొట్టి, వీసాల దాకా వచ్చినవాళ్లు. వాళ్లింట్లో పిల్లలు ఏ పోటీకీ వెళ్లకపోయినా చదువుల్లో ముందే ఉంటారు. గెలిచినవాళ్ల పేర్లు పేపర్లో చదువుతున్నాం సరే, మొదట్లోనే తప్పు చెప్పి, గంట మోగి స్టేజి దిగిపోయిన పిల్లలు పెద్దయ్యాక ఏమయ్యారని ఎవరైనా అడుగుతున్నారా?

ఆంజెలా డక్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఆ జాతీయ పోటీ పిల్లల్ని పరిశీలించి 2011లో రాసింది. ఒంటరిగా కూర్చుని సాధన చేసినవాళ్లే పోటీలో ముందుకెళ్లారట. ఆ సాధన పిల్లలకు సరదాగా మాత్రం లేదట. అది పోటీలో గెలుపు సంగతి. ఉద్యోగాల దాకా లాగకూడదు.

మా పాప రెండేళ్లు ఇక్కడి మనవాళ్ల పిల్లలకు నార్త్ సౌత్ ఫౌండేషన్ అనే సంస్థ పెట్టే స్పెల్లింగ్ పోటీలకు వెళ్లింది. మొదటేడు జాబితాలు బట్టీ పట్టించాను. నెల తిరక్కుండానే అంతా మర్చిపోయింది. రెండో ఏడు, సైకాలజీ (psychology) ముందు పలకని 'పి' ఎందుకుందని అడిగింది. ఆ మాట గ్రీకు నుంచి వచ్చిందని, గ్రీకులో 'ప', 'స' శబ్దాలు రెంటికీ కలిపి ఒకే అక్షరముందని చెప్పాను. వారం తిరక్కుండా 'సూడో' (pseudo) అనే మాటలో అదే 'పి'ని తనే పట్టుకొచ్చింది. ఆ మొహంలో వెలుగు చూడాలిరా! పలికినట్టే రాసుకునే మనకు ఈ ఆనందం కొత్త.

బట్టీ అంతా దండగని అనను. పందొమ్మిదో ఎక్కం గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పేవాడివి, ఈనాటికీ కొట్లో లెక్కలు నోటితోనే కడతావు. రోజూ వాడావు, నిలిచింది. మా పాప బట్టీ పట్టిన మాటల్లో సగం మళ్లీ ఎక్కడా ఎదురుపడలేదు.

నా మేనల్లుడు పాత రేడియో విప్పుకుని అన్నానికి పిలిచినా లేవడని చెల్లెమ్మ చెప్పింది. నువ్వు డిక్షనరీ కొనకు. వచ్చే నెల మా తమ్ముడు ఊరొస్తున్నాడు, వాడి చేత మంచి స్క్రూడ్రైవర్ల సెట్టు పంపిస్తున్నాను.

నీ బావ