ఆ దిండు పుణ్యమే రా!

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరానికి రెండు నెలల తర్వాత జవాబు రాస్తున్నాను, తిట్టుకోకు. ఇల్లు మారాం, ఉద్యోగం బాగానే ఉంది, అందరూ కులాసా. అవన్నీ తర్వాత. మొన్న ఆదివారం రాత్రి సంగతి నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు.

నా అడిసన్ జబ్బు మందులు నీకు తెలుసు కదా, కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు నాకు చెయ్యని కార్టిసాల్ హార్మోన్ బదులు లేవగానే హైడ్రోకార్టిసోన్ 10 మిల్లీగ్రాములు, మధ్యాహ్నం 5, సాయంత్రం 5, ఒంట్లో ఉప్పు నిలవడానికి ఫ్లూడ్రోకార్టిసోన్. ఆరేళ్లుగా ఒక్క పూట మానలేదు, నువ్వు 'కోడిపుంజు' అని పేరు పెట్టిన మందుల అలారం ఇంకా కూస్తూనే ఉంది. ఆదివారం జ్వరం 101 దాటింది. వెంటనే డోసు రెట్టింపు చేశాను. మిగతావాళ్లకి జ్వరమొస్తే అడ్రినల్ గ్రంథులే కార్టిసాల్ పెంచుతాయి, నాకు ఆ పని మాత్రలతో చేసుకోవాలి. పావుగంటకి వాంతి. మళ్లీ వేసుకున్నాను, మళ్లీ వాంతి, కరగని తెల్లటి ముక్క సింకులో కనిపించింది. అది చూడగానే గుండె జారిపోయింది రా. లేవబోతే కళ్లు చీకట్లు కమ్మాయి, అక్కడే కూలబడ్డాను.

చెల్లి అత్యవసర ఇంజెక్షన్ డబ్బా తీసింది. 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ పొడి ఉన్న చిన్న సీసా, అందులోకి నీళ్లు ఎక్కించి తేటపడేదాకా కలిపింది. చేతులు వణికి సూది మూత రాలేదు, పళ్లతో లాగేసి, తొడ బయటివైపు పైజమా మీంచే గుచ్చేసింది. నువ్వు దాన్ని కూర్చోబెట్టి దిండు మీద ఇరవైసార్లు గుచ్చించిన రోజు నేనెంత విసుక్కున్నానో! ఆ దిండు పుణ్యమే రా ఇది.

ఆసుపత్రిలో బీపీ 80/50. అయినా అక్కడున్న కుర్ర డాక్టరు, రక్త పరీక్ష రిపోర్టు రానివ్వండి అన్నాడు. ఇది ఆగే జబ్బా చెప్పు? చెల్లి నా స్టెరాయిడ్ కార్డు, అదే నాకు ఈ మందు వెంటనే ఇవ్వాలని రాసున్న కార్డు, ఆయన కళ్ల ముందు పెట్టి, సెలైన్, హైడ్రోకార్టిసోన్ ఎక్కించేదాకా కదల్లేదు. నాకిప్పటికీ ఆ కోపం తగ్గలేదు.

తెల్లారి పడుకుని ఆలోచించాను. థామస్ అడిసన్ 1855లోనే ఈ జబ్బు గురించి రాశాడు, ఆ తర్వాత తొంభై ఏళ్లు దాటాక గానీ కార్టిసోన్ అనే మందు రోగుల దాకా రాలేదు. అన్నాళ్లూ నాలాంటివాళ్లు... ఏడుపొచ్చేసింది రా. అమ్మ గురించి కూడా ఒక మాట, సరే, అది కలిసినప్పుడు.

ఇంకో ఇంజెక్షన్ ఆఫీసులో కూడా ఉంచమంది డాక్టరమ్మ. అక్కడ ఒకరికైనా వెయ్యడం నేర్పాలి, నువ్వే వచ్చి ఆ దిండుతో... అయ్యో, రక్త పరీక్షకి టైమైపోయింది, చెల్లి చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. మిగతాది రేపు రాస్తా