పొగ నల్లగా లేకపోతే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

గుంటూరులో మా ఇల్లు బొగ్గు బాయిలరు ఉన్న ఒక పరిశ్రమకు దగ్గర. చలికాలం తెల్లవారుజామున కిటికీ తీస్తే అగ్గిపుల్ల గీసినప్పటి ఘాటు. ఆస్తమా ఉన్న మా అత్తగారు ఇన్‌హేలర్ దిండు కిందే పెట్టుకుని పడుకుంటారు. ఫ్యాక్టరీకి వెళ్లి అడిగితే, "బ్యాగ్ ఫిల్టర్ పెట్టాం, పొగ నల్లగా రావడం లేదు కదా" అన్నారు. నిజమే, పొగను వడకట్టే ఆ గుడ్డ సంచుల్లో బూడిద ఆగుతోంది. కానీ ఆ ఘాటుకు కారణమైన సల్ఫర్ డయాక్సైడ్ కంటికి కనపడని వాయువు, గుడ్డ సంచికి అది చిక్కదు. చిమ్నీ ఎత్తు పెంచినా పక్క ఊరికి పోతుందంతే.

బొగ్గులో గంధకం (సల్ఫర్) అర శాతమే ఉన్నా, టన్ను కాలిస్తే సుమారు 10 కిలోల సల్ఫర్ డయాక్సైడ్ పుడుతుంది. స్క్రబ్బర్ అనే పొగ కడిగే యంత్రంలో సున్నపు నీళ్లతో కడిగి దాన్ని పట్టాలంటే దాదాపు 9 కిలోల పొడిసున్నం కావాలి. బొగ్గు బిల్లు పక్కన సున్నం బిల్లు పెట్టి చూస్తే చాలు, స్క్రబ్బర్ రోజూ నడిచిందో, తనిఖీ రోజున మాత్రమే తిప్పారో తెలిసిపోతుంది. దీనికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు.

24 గంటల సగటున గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ ఘనపు మీటరుకు 80 మైక్రోగ్రాములు దాటకూడదని 2009 నుంచి జాతీయ ప్రమాణం ఉంది. కాలుష్య నియంత్రణ మండలి అధికారులు పగలు కాదు, రాత్రి మూడింటికి ఒకసారి రావాలి. స్క్రబ్బర్ నీటి పీహెచ్ (ఆ నీటి పులుపు ఎంతో చెప్పే కొలత), ఆ రోజు వాడిన సున్నం ఎంతో గేటు దగ్గర బోర్డు మీద రాయించాలి. మంచు కురిసే రోజులు రాకముందే ఇది మొదలవ్వాలని వేడుకుంటున్నాను.

– ఒక గృహిణి, గుంటూరు