బీపీ మాత్ర మీద నొప్పుల మాత్ర

సంపాదకులకు,

ఎండలు ముదిరితే మజ్జిగ తాగండి, గొడుగు పట్టుకెళ్లండి అని పత్రికలన్నీ రాస్తాయి. బీపీ మాత్రలు వాడేవాళ్ల కోసం అందులో ఒక్క ముక్కా కనిపించదు. రాయాల్సింది చాలానే ఉంది.

స్ట్రిప్పు మీద మందు పేరు చివర ‘హెచ్’ అనో ‘సీటీ’ అనో ఉంటే, ఒంట్లోని ఉప్పునూ నీటినీ మూత్రంలో పంపించే మందు అందులో కలిసి ఉన్నట్టే. బీపీ తగ్గించే టెల్మిసార్టన్ 40 మిల్లీగ్రాములు, అలా ఉప్పునూ నీటినీ పంపించే హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 మిల్లీగ్రాములు కలిపిన మాత్ర అలాంటిదే. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీ తన వడపోత ఆగకుండా రక్తం బయటికి పోయే సన్న నాళాన్ని బిగిస్తుంది. టెల్మిసార్టన్ ఆ బిగింపును వదులు చేస్తుంది. మామూలు రోజుల్లో అది కిడ్నీకి మేలే. దాని మీద మోకాళ్ల నొప్పికని డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి పడితే రక్తం లోపలికి తెచ్చే నాళం ముడుచుకుంటుంది. రాక తగ్గి, పోక సులువై, వడపోత పడిపోతుంది. విరేచనాలు కూడా తోడైతే రెండు మూడు రోజుల్లోనే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టి పంపాల్సిన వ్యర్థం) పెరగొచ్చు. నొప్పేమీ ఉండదు, మూత్రం తగ్గితే అనుమానించాలి. పైగా ఈ నొప్పుల మాత్రలే బీపీని పెంచుతాయి. అది తెలియక బీపీ మందు డోసు పెంచుకునేవాళ్లూ ఉంటారు!

వాంతులు, విరేచనాలతో నీళ్లు నిలవని రోజున ఓఆర్‌ఎస్ మొదలుపెట్టి, అదే రోజు డాక్టరుకు ఫోన్ చేసి మాత్ర ఆపాలా అని అడగండి. ఆపమంటే, తిండీ నీళ్లూ కుదుటపడ్డాక సాధారణంగా 24 నుంచి 48 గంటల్లో మళ్లీ వేసుకోమంటారు. ఆపి అలా వదిలేయకూడదు. అటెనొలాల్, మెటోప్రొలాల్, క్లోనిడిన్ వాడేవాళ్లయితే సొంతంగా ఒక్కసారిగా మానడమే ప్రమాదం, బీపీ ఎగదన్నుతుంది. విరేచనాలు లేకపోయినా ఎండకని రోజూ ఓఆర్‌ఎస్ తాగడం మాత్రం వద్దు, అందులో ఉప్పుంది.

నొప్పికి చాలామందికి పారాసిటమాల్ సరిపోతుంది. నీళ్లలో వేస్తే పొంగే రకం తీసుకోవద్దు, దాంట్లో సోడియం ఎక్కువ. బీపీకి మంచిదని అమ్మే ‘తక్కువ సోడియం’ ఉప్పులో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. టెల్మిసార్టన్ కూడా పొటాషియాన్ని పెంచేదే. రెండూ కలిస్తే, ముఖ్యంగా కిడ్నీ బలహీనంగా ఉన్నవారికి, గుండె లయ తప్పొచ్చు. ఇంకో మాట: టెల్మిసార్టన్‌కు తేమ పడదు. వారానికి సరిపడా విప్పి డబ్బాలో పోసుకోకుండా, వేసుకునేటప్పుడే స్ట్రిప్పు చించాలి.

డైక్లోఫెనాక్ మాత్ర షెడ్యూల్ హెచ్ మందు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మెడికల్ షాపుల్లో అడిగినవాళ్లకల్లా ఇచ్చేస్తున్నారు. ఔషధ నియంత్రణ అధికారులు కనీసం ఈ వేసవి నెలల్లోనైనా తనిఖీలు పెంచాలి. నొప్పుల మాత్ర చేతికిచ్చే ముందు ‘బీపీ మాత్ర వాడుతున్నారా?’ అని అడగాలంటూ ప్రతి కౌంటరు దగ్గరా బోర్డు పెట్టించాలి.

- ఇద్దరు ఫార్మసిస్టులు, ఖమ్మం