బేతెస్ద కోనేటి దగ్గరి ప్రశ్న

సంపాదకులకు నమస్కారం.

బైబిలులోని స్వస్థత కథలను అంతరంగ పరివర్తనకు ప్రతీకలుగా చదవవచ్చంటూ మీ ఆధ్యాత్మిక పుటలో వచ్చిన వ్యాసం నాకు నచ్చింది. అయితే బేతెస్ద కోనేటి కథను ప్రస్తావించిన వ్యాసకర్త అద్భుతానికి ముందున్న ప్రశ్నను వదిలేశారు. యోహాను సువార్త 5వ అధ్యాయంలో, 38 ఏళ్లుగా వ్యాధితో పడివున్న మనిషిని యేసు ‘స్వస్థపడగోరుచున్నావా?’ అని అడుగుతాడు. అతడు అవునని గానీ కాదని గానీ అనడు. కోనేటి నీళ్లు కదిలినప్పుడు మొదట దిగినవారికి నయమవుతుందని అక్కడివారి నమ్మకం; అప్పుడు తనను దించేవారెవరూ లేరనీ, తాను వెళ్లేలోగా మరొకరు దిగిపోతున్నారనీ చెబుతాడు. అందులో అబద్ధమేమీ లేదు, కానీ ఏళ్ల తరబడి చెప్పుకున్న ఆ నిస్సహాయతే అతడి కోరికను కప్పేసిందని నాకనిపిస్తుంది. మనసులో పాతుకుపోయిన పగ గురించో భయం గురించో ఎవరైనా అడిగితే, విడిచిపెట్టాలని ఉందో లేదో చెప్పకుండా, అది ఎవరి వల్ల వచ్చిందో చెప్పడం మొదలుపెట్టే మనకు ఈ మనిషి పరాయివాడు కాడు.

ఇలా ప్రతీకగా చదవడం కొత్త కాదు. 5వ శతాబ్దం నాటికే క్రైస్తవ వేదాంతి అగస్టీన్ ఆ కోనేటి ఐదు మంటపాలను మోషే ఐదు గ్రంథాలుగా, అంటే ధర్మశాస్త్రంగా వ్యాఖ్యానించాడు: ఆ ధర్మశాస్త్రం రోగాన్ని చూపించిందే తప్ప నయం చేయలేదని ఆయన భావం. ఆ 38 ఏళ్లను కూడా ప్రతీకగా చదవవచ్చు: ద్వితీయోపదేశకాండం 2:14లో ఇశ్రాయేలీయులు ఎడారి ప్రయాణంలో కాదేషు బర్నేయ నుంచి జెరెదు వాగు దాటేవరకు పట్టిన కాలం కూడా 38 ఏళ్లే. ప్రతీక అన్నంత మాత్రాన స్థలం కల్పితం కానక్కరలేదు. యెరూషలేములో పరిశుద్ధ అన్న దేవాలయం పక్కన తవ్వకాల్లో మధ్య గోడతో రెండు కోనేళ్లు బయటపడ్డాయి.

నన్ను ఎక్కువగా కదిలించేది పరుపు. అతణ్ణి స్వస్థపరుస్తూ యేసు ‘నీ పరుపెత్తికొని నడువుము’ అంటాడే గాని, దాన్ని అక్కడే పారేయమనడు. ఇన్నాళ్లు తనను మోసినదాన్ని అతడిప్పుడు మోస్తాడు. గడిచిన జీవితం చెరిగిపోకుండానే మనిషి మారడమంటే ఇదేనని నేను అర్థం చేసుకున్నాను.

ఒక్క విషయంలో మాత్రం వ్యాసంతో విభేదిస్తున్నాను. లోపల మారనివారే రోగులుగా మిగులుతారన్న ధ్వని అందులో ఉంది. మంచం పట్టినవారికి ఆ మాట ఎంత క్రూరంగా వినిపిస్తుందో ఆలోచించాలి. అదే సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూపించి పాపం ఎవరిదని శిష్యులు అడిగినప్పుడు, వాడైనా వాడి కన్నవారైనా పాపం చేయలేదని యేసు స్పష్టంగా చెప్పాడు. ఈ శీర్షిక కింద మళ్లీ రాసేటప్పుడు ఆ వచనాన్ని కూడా చేర్చవలసిందిగా వ్యాసకర్తను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు