నూనె సరే, ఎంత కలపాలో చెప్పేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

కోసిన మామిడికి పట్టే కుళ్లును వాము, లవంగం, నిమ్మగడ్డి నూనెలతో ఆపొచ్చని పోయిన వారం జిల్లా పేజీలో రాశారు. సంతోషం. కోతలు సగమయ్యాక వేశారు గనక ఆ సంతోషాన్ని వచ్చే ఏటికి దాచుకున్నాను.

మాది గజపతినగరం దగ్గర సువర్ణరేఖ మామిడి తోట. మచ్చ తెగులు బూజు పూత, పిందె దశలోనే కాయలోకి చేరి నిద్రపోతుంది, పండేటప్పుడు లేస్తుంది. అందుకే ఇక్కడ నిగనిగలాడుతూ లారీ ఎక్కిన సరుకు కలకత్తాలో నల్లమచ్చలతో దిగుతుంది. తొడిమ కుళ్లు దానికి తోడు. చెట్టు మీద కోత మాది, బిల్లులో కోత వ్యాపారిది.

వాములోని థైమాల్, లవంగంలోని యూజెనాల్ బూజు కణాల పొరను దెబ్బతీస్తాయన్నది నిజమే. కానీ మోతాదు మించితే తొక్క మాడుతుందని మీ వార్తలో ఒక్క ముక్కైనా లేదు. నూనె నీళ్లలో కలవదు కదా, దేనితో కలపాలో అదీ లేదు. నిరుడు ఎవరో చెబితే లవంగ నూనె నేనే కలిపి రెండు ట్రేల కాయ ముంచాను. తొక్కంతా గోధుమరంగు మచ్చలు. పండు కోసి పెడితే మా మనవడు, "తాతా, ఇది మామిడిపండా, పంటినొప్పి మందా?" అన్నాడు.

అడుగుదామని ఉద్యాన శాఖ ఆఫీసుకు వెళ్తే రెండుసార్లు సారు మీటింగ్‌లో ఉన్నారు. మూడోసారి దొరికి, "యూట్యూబ్‌లో ఉంటుంది, చూసుకోండి" అన్నారు. ఆమాత్రం దానికి ఆఫీసెందుకో! పూర్వం గ్రామసేవకుడు సైకిల్ మీద తోటకొచ్చి ఆకు తిప్పి చూసేవాడు. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో రోజూ శుభోదయం అందుతోంది.

అసలు 52 డిగ్రీల వేడినీళ్లలో ఐదు, పది నిమిషాలు ముంచినా మచ్చ తెగులు చాలావరకు తగ్గుతుందని ఎప్పటినుంచో తెలిసిందే. అలాంటి తొట్టి మా చుట్టుపక్కల ఒక్కటి చూపించమనండి. కార్బైడ్‌తో మగ్గబెట్టకూడదని 2011 ఆహార భద్రత నిబంధనల్లోనే ఉంది. దాని సంగతీ అంతే. సీజన్‌లో నాలుగు రోజులు దాడులు, ఫొటోలు, తర్వాత ఎవరి పని వారిది.

లీటరు నీటికి ఎంత నూనె, ఎంతసేపు ముంచాలి, వాసన ఎలా పోతుంది, క్వింటాకు ఖర్చెంత? వచ్చే పూతలోగా తెలిసినవాళ్లతో రాయించండి.

అన్నట్టు, మీరు వేసిన ఫొటోలోది సువర్ణరేఖ కాదు, తోతాపురి, అదే కలెక్టర్ కాయ. మా వైపు తోటల్లో కనబడే కలెక్టరు అదొక్కటే.

- ఒక మామిడి రైతు, గజపతినగరం మండలం, విజయనగరం జిల్లా